విదేశీ దత్తతలో టికెట్ చివర కొనాలి

విదేశం వెళ్ళి పసిబిడ్డను దత్తత తెచ్చుకోవాలనుకునేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: ఏ దేశానికి వెళితే పని త్వరగా అవుతుంది? ఏళ్ళ తరబడి పిల్లల కోసం ఎదురుచూసి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయినవాళ్ళకి త్వరగా అన్న మాట మీద ఆశ ఉండటం సహజం, దాన్ని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు. కానీ దారి తప్పేది సరిగ్గా అక్కడే. దేశాల మధ్య జరిగిన దత్తతల చరిత్రలో పెద్ద పెద్ద అన్యాయాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావాటిలో ఒకే పొరపాటు కనిపిస్తుంది. బిడ్డ కావాలన్నవాళ్ళు, లేదా వాళ్ళ తరఫు మనుషులు, ముందు అక్కడికి చేరుకున్నారు. ఈ బిడ్డ ఎవరి బిడ్డ, ఇంట్లో ఉండాల్సింది ఇక్కడెందుకు ఉంది అన్న విచారణ ఆ తర్వాత జరిగింది, లేదా అసలు జరగలేదు.

పద్ధతి ప్రకారం జరిగే దత్తతలో ప్రయాణం దాదాపు చివరి మెట్టు. ఆ పద్ధతికి ఆధారం 1993 మే 29న కుదిరిన హేగ్ దత్తత ఒప్పందం. 1995లో అమల్లోకి వచ్చింది, ఇప్పుడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. మొదట దత్తత కోరేవాళ్ళ సొంత దేశంలో వాళ్ళ గురించి విచారణ జరుగుతుంది, దీన్నే హోమ్ స్టడీ అంటారు. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి ఆదాయం, ఆరోగ్యం, నేర చరిత్ర, భార్యాభర్తల మధ్య సంబంధం, బిడ్డ ఎందుకు కావాలనుకుంటున్నారు, ఎలాంటి బిడ్డను పెంచగలరు, ఇవన్నీ రాసుకుంటారు. ఆ నివేదిక బిడ్డ ఉన్న దేశంలోని అధికార సంస్థకి వెళుతుంది. అక్కడ విడిగా ఇంకో పని జరిగి ఉండాలి: ఈ బిడ్డకి నిజంగా దత్తత అవసరమా, కన్నవాళ్ళు సరైన పద్ధతిలో ఒప్పుకున్నారా, బంధువులు గానీ అదే దేశంలోని మరో కుటుంబం గానీ పెంచే అవకాశం ఉందా అని చూసి, లేదని తేలాకే విదేశీ కుటుంబం వైపు చూడాలి. అప్పుడే ఒక బిడ్డ ఫైలు, ఒక కుటుంబం ఫైలు ఒకే బల్ల మీదకి వస్తాయి. రెండు దేశాల అధికార సంస్థలూ సరేనని రాతపూర్వకంగా చెప్పుకోవాలి, బిడ్డకి కొత్త దేశంలో ప్రవేశం, నివాసం ఖాయమని తేలాలి. ఇదంతా అయ్యాక బిడ్డను అప్పగించే మాట వస్తుంది.

ఈ ఒప్పందంలో రెండు నిబంధనలు చదివిన వెంటనే కఠినంగా అనిపిస్తాయి. ఒకటి, తల్లి ఒప్పుకోలు బిడ్డ పుట్టిన తర్వాతే తీసుకోవాలి. అంటే ఇంకా కడుపులో ఉన్న బిడ్డను చూపించి "ఫలానా నెలలో పుడుతుంది, ఆ బిడ్డ మీకే" అని మాటిచ్చే మధ్యవర్తికి చట్టం ముందు ఏ విలువా లేదు. అలాంటి మాట వినిపిస్తే అక్కడితో సంభాషణ ఆపేయాలి. రెండోది, ముందు జరగాల్సిన ఈ విచారణలు పూర్తయ్యేదాకా దత్తత కోరేవాళ్ళు బిడ్డ కన్నవాళ్ళని గానీ పెంచుతున్నవాళ్ళని గానీ కలవకూడదు. బంధువుల మధ్య దత్తత అయినప్పుడో, అధికారులు పెట్టిన షరతుల ప్రకారం కలిసినప్పుడో తప్ప దీనికి మినహాయింపు లేదు. మంచి మనసుతో వెళ్ళి ఒక తల్లిని పలకరిస్తే తప్పేంటి అనిపించవచ్చు. బీదరికంలో ఉన్న ఒక అమ్మ ముందు మంచి బట్టలేసుకుని, డబ్బున్న దేశం నుంచి వచ్చి, చేతుల్లో బొమ్మతో ఇద్దరు మనుషులు కూర్చుంటే ఆవిడ ఇచ్చే జవాబు స్వేచ్ఛగా ఇచ్చిన జవాబు ఎలా అవుతుంది? వాళ్ళు నోరు విప్పకపోయినా ఒత్తిడి ఆ గదిలో ఉంటుంది. నిబంధన కాపాడుతున్నది ఆవిడ్ని.

ఇప్పుడు విచిత్రంగా తోచే సంగతి ఏమిటంటే, మొదట్లో ఈ దత్తతల్లో పెద్దవాళ్ళు అసలు ప్రయాణమే చేసేవారు కాదు, పిల్లలే ఒంటరిగా విమానమెక్కేవారు. 1955లో అమెరికాలోని ఓరెగాన్‌కి చెందిన హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ దంపతులు కొరియా యుద్ధం మిగిల్చిన పిల్లల్లో ఎనిమిది మందిని దత్తత తీసుకున్నారు. అందుకోసం అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు దక్షిణ కొరియా (ఇకమీదట కొరియా అన్నది దీన్నే) వెళ్ళకుండానే, తమ తరఫున ఒక ప్రతినిధి కోర్టులో నిలబడితే అక్కడే దత్తత పూర్తిచేసుకునే పద్ధతి పెరిగింది. పిల్లలు గుంపుగా విమానంలో వచ్చేవారు, కొత్త అమ్మానాన్నలు విమానాశ్రయంలో ఎదురుచూసేవారు. ఆ ప్రతినిధి పద్ధతికి అమెరికా 1961లో అడ్డుకట్ట వేసింది గానీ, ఎవరో ఒకరు తోడొచ్చి పిల్లల్ని విమానాశ్రయంలో అందించే అలవాటు మాత్రం కొరియా విషయంలో దశాబ్దాలు సాగింది. తల్లిదండ్రులు స్వయంగా వచ్చి కోర్టు ద్వారానే తీసుకెళ్ళాలన్న చట్టం అక్కడ అమల్లోకి వచ్చింది 2012లో.

అంటే విదేశం వెళ్ళి బిడ్డను తెచ్చుకోవడమన్న నియమం వెనుక ఉన్నది పెద్దవాళ్ళ సౌకర్యం కాదు. కాగితం మీద తప్ప ఒకరినొకరు చూడని మనుషుల్ని తల్లీబిడ్డలని ప్రకటించడం సరికాదని, బిడ్డను ఎవరి చేతుల్లో పెడుతున్నామో కళ్ళతో చూడాలని ఆయా దేశాలు అనుభవం మీద నేర్చుకున్నాయి. ఆ అనుభవం ఖరీదు మాత్రం చిన్నది కాదు. 1950ల నుంచి కొరియా దాదాపు 2 లక్షల మంది పిల్లల్ని విదేశాలకు పంపించింది. పాత అన్యాయాలను విచారించే ఆ దేశపు సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో ప్రకటించిన విషయాలు చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. కన్నవాళ్ళు ఉన్న పిల్లల్ని అనాథలని రాశారు, సరైన ఒప్పుకోలు లేకుండానే పంపించారు, ఒక బిడ్డ చనిపోతేనో వెనక్కి వెళ్ళిపోతేనో ఆ ఫైలులో ఇంకో బిడ్డను పెట్టి పంపించిన సందర్భాలూ ఉన్నాయి. దరఖాస్తు పెట్టుకున్న 367 మందిలో 56 మంది విషయంలో హక్కులకు భంగం కలిగిందని కమిషన్ ఆ విడతలో తేల్చింది. అటువైపు బిడ్డను అందుకున్న కుటుంబాల్లో ఎక్కువమందికి ఇదేమీ తెలియదు. వాళ్ళ చేతికి వచ్చిన కాగితాల మీద ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రుమేనియా కథ ఇంకోలా నడిచింది. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కు పాలన కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల దృశ్యాలు ప్రపంచమంతా టీవీల్లో చూసింది. లక్షకు పైగా పిల్లలు, ఇనుప మంచాలు, ముట్టుకునే చెయ్యి లేని గదులు. చూసినవాళ్ళు ఆగలేకపోయారు, అలా ఆగలేకపోవడం మనిషి లక్షణమే. ఏడాదిన్నరలో సుమారు 10,000 మంది పిల్లలు దేశం దాటారు. అయితే జనం నేరుగా వెళ్ళడం మొదలుపెట్టగానే మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. ఆశ్రమంలో ఏళ్ళుగా పడి ఉన్న పిల్లల కంటే ఆరోగ్యంగా ఉన్న పసికందుల కోసం బీద కుటుంబాల తలుపులు తట్టడం వాళ్ళకి సులువైంది. సాయం కావాల్సిన బిడ్డ ఆశ్రమంలోనే ఉండిపోయింది, అమ్మ ఒడిలో ఉన్న బిడ్డ విమానమెక్కింది. హేగ్ ఒప్పందం రాసినవాళ్ళ కళ్ళ ముందు ఉన్న తాజా అనుభవాల్లో ఇదొకటి. చివరికి రుమేనియా 2001లో విదేశీ దత్తతల్ని ఆపి, 2005 నుంచి చట్టం ద్వారా దాదాపు పూర్తిగా మూసేసింది.

అలాగని ఆశ్రమాల్లో మిగిలిపోవడం పిల్లలకి మేలు చేస్తుందని కాదు, ఆ వాదన వినిపించేవాళ్ళు అదే దేశంలో జరిగిన ఒక పరిశోధనను తప్పక చూడాలి. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళను లాటరీ పద్ధతిలో రెండు సగాలు చేసి, 68 మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. కుటుంబానికి వెళ్ళిన పిల్లల తెలివితేటలు, మాట, మనుషులతో అనుబంధం మెరుగుపడ్డాయి. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళకి ఆ లాభం చాలా విషయాల్లో ఎక్కువగా కనిపించింది. దీన్నుంచి చాలామంది తీసే అర్థం, అందుకే వీలైనంత త్వరగా పిల్లల్ని విదేశాలకి ఇచ్చెయ్యాలని. కానీ ఆ పిల్లలు వెళ్ళింది బుకారెస్ట్‌లోని ఇళ్ళకే. పసితనంలో ఆలస్యం చెయ్యకుండా బిడ్డకి కుటుంబం దొరకాలి, ఆ కుటుంబం దగ్గర్లో దొరికితే బిడ్డ తన భాషను, తన మనుషుల్ని కూడా పోగొట్టుకోదు. త్వరపడాల్సిన పని, విచారణ చెయ్యాల్సిన పని, రెండూ ఒకే బిడ్డ కోసం. అందుకే ఇది ఇంత కష్టమైన వ్యవహారం.

డబ్బు ఏం చేస్తుందో చూడాలంటే గ్వాటెమాలా వైపు చూడాలి. 2006, 2007లో ఒక్క అమెరికాకే ఏడాదికి 4,000కు పైగా పిల్లలు అక్కణ్ణుంచి వెళ్ళారు. ఆ దేశంలో పుట్టిన ప్రతి వందమందిలో దాదాపు ఒకరు దత్తతకి వెళ్ళిపోతున్న పరిస్థితి. ప్రైవేటు నోటరీ లాయర్లే మొత్తం నడిపేవారు, ఒక్కో దత్తతకి వేల డాలర్లు చేతులు మారేవి, బిడ్డల్ని వెతికి తెచ్చేవాళ్ళకి కమీషన్ ఉండేది. సంతకం పెట్టిన ఆడమనిషి నిజంగా తల్లేనా అని తేల్చడానికి అమెరికా రాయబార కార్యాలయం డీఎన్‌ఏ పరీక్ష అడిగేది. తర్వాత, పరీక్ష చేసిన బిడ్డ, వీసాకి తెచ్చిన బిడ్డ ఒకరేనా అని తేల్చడానికి రెండో పరీక్ష కూడా పెట్టాల్సి వచ్చింది. రెండో పరీక్ష అవసరమైందన్న ఒక్క మాట చాలు అక్కడ ఏం జరుగుతుండేదో అర్థం చేసుకోవడానికి. 2007 చివర్లో కొత్త చట్టంతో ఆ తలుపు మూతపడింది. చైనాలోనూ 2005లో హునాన్ రాష్ట్రంలో కొన్ని ఆశ్రమాలు పిల్లల్ని కొంటున్నాయని బయటపడింది. విదేశీ కుటుంబం ఒక్కో బిడ్డకి ఆశ్రమానికి ఇచ్చే విరాళం స్థానికంగా చాలా పెద్ద మొత్తం కాబట్టి, బిడ్డను తెచ్చి ఇచ్చినవాడికి కొంత ఇచ్చినా ఇంకా మిగిలేది.

భూకంపాలు, యుద్ధాలు వచ్చినప్పుడు ఈ తొందర ఇంకా ముదురుతుంది. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని కాగితాలు లేకుండా సరిహద్దు దాటించబోతూ పట్టుబడ్డారు. ఆ పిల్లల్లో చాలామందికి కన్నవాళ్ళు బతికే ఉన్నారు. 2007లో చాద్‌లో ఫ్రాన్స్‌కి చెందిన ఒక సంస్థ 103 మందిని పక్కనున్న సూడాన్‌లో యుద్ధం నడుస్తున్న దార్ఫర్ ప్రాంతపు అనాథలని చెప్పి విమానమెక్కించబోయింది, తీరా చూస్తే ఎక్కువమంది చాద్ పిల్లలే, ఇళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళే. విపత్తు వచ్చిన వారంలో ఎవరు అనాథో ఎవరికీ తెలియదు. ఇల్లు కూలి చెల్లాచెదురైన కుటుంబం మళ్ళీ కలుసుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో బిడ్డ దేశం దాటిపోతే వెతుక్కునే తల్లికి ఇక దారి ఉండదు.

అనాథ అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యునిసెఫ్ 2015 లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 14 కోట్ల మంది అనాథలున్నారు. దత్తత గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకె తరచూ వినిపిస్తుంది. అయితే ఆ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథే. ఇద్దరూ లేనివాళ్ళు సుమారు 1.5 కోట్లు, వాళ్ళలోనూ ఎక్కువమంది అమ్మమ్మలు, తాతయ్యలు, ఇతర బంధువుల దగ్గర పెరుగుతున్నారు. ఇంటి కోసం ఎదురుచూసే ఆరోగ్యవంతమైన పసిపాపలు కోట్లలో ఉన్నారన్నది భ్రమ.

ఇంకో చిక్కు, దత్తత అన్న మాటకి అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఇస్లామిక్ చట్టం నడిచే చాలా దేశాల్లో ఉన్నది కఫాలా, అంటే బిడ్డను పెంచే బాధ్యత తీసుకోవడం. పుట్టిన వంశం పేరు, బంధం అలాగే ఉంటాయి. మార్షల్ దీవుల్లో బిడ్డను బంధువులకో ఇతరులకో పెంపకానికి ఇవ్వడం పాత ఆచారం, ఇచ్చినంత మాత్రాన కన్నవాళ్ళతో సంబంధం తెగిపోదు. అలాంటి చోట ఒక తల్లి బిడ్డను అమెరికా పంపిస్తే, చదువుకుని తిరిగొస్తుందని, ఉత్తరాలు వస్తాయని అనుకోవడం అమాయకత్వం కాదు, ఆవిడ తెలిసిన లోకంలో దత్తత అంటే అదే. ఇథియోపియాలోనూ ఎన్నో కుటుంబాలు ఇలాగే అర్థం చేసుకున్నాయి. సంతకం ఒకటే, అటూ ఇటూ అర్థాలు వేరు. కాబట్టి ఒప్పుకోలు పత్రం ఉందా అని అడిగితే చాలదు. ఏ భాషలో చదివి వినిపించారు, బంధం పూర్తిగా తెగిపోతుందని ఎవరు చెప్పారు, ఆలోచించుకోవడానికి ఎంత గడువిచ్చారు అని అడగాలి. ఈ ప్రశ్నలకి విసుక్కునే ఏజెన్సీని నమ్మకూడదు.

ఇవన్నీ కలిసి ఈ దారిని ఇప్పుడు బాగా ఇరుకు చేశాయి. 2004లో ప్రపంచం మొత్తం మీద సుమారు 45,000 అంతర్దేశీయ దత్తతలు జరిగాయి, అమెరికాకే దాదాపు 23,000 మంది పిల్లలు వచ్చారు. 2023 నాటికి అమెరికా అంకె 1,275కి పడిపోయింది. రష్యా 2013 జనవరి నుంచి అమెరికన్లకు పిల్లల్ని ఇవ్వడం ఆపేసింది, అప్పటికే పిల్లల్ని కలిసి, ఎత్తుకుని, మళ్ళీ వస్తామని చెప్పి వచ్చిన కుటుంబాలు కూడా అలాగే నిలిచిపోయాయి. ఇథియోపియా 2018లో మూసేసింది. 1992 నుంచి 1,60,000 మందికి పైగా పిల్లల్ని పంపిన చైనా 2024 సెప్టెంబరులో, దగ్గరి రక్తసంబంధీకులకు, సవతి పిల్లలకు తప్ప ఇక ఇవ్వమని ప్రకటించింది. కరోనా ముందే ఫలానా బిడ్డ మీకేనని కబురందుకుని నాలుగేళ్ళు ఎదురుచూసిన కుటుంబాలు వందల్లో ఉన్నాయి. అటు తీసుకునే దేశాలూ వెనక్కి తగ్గుతున్నాయి. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వం నియమించిన కమిటీ పాత దత్తతల్లో తీవ్రమైన అక్రమాలు జరిగాయని చెప్పడంతో 2021లో ఆపారు, కొంతకాలానికి తిరిగి మొదలుపెట్టినా 2024లో దశలవారీగా ముగించాలని నిర్ణయించారు. డెన్మార్క్‌లో మిగిలి ఉన్న ఒకే ఒక్క ఏజెన్సీ 2024 జనవరిలో ఈ పని ఆపేస్తున్నట్టు చెప్పింది.

మిగిలిన దారిలో ఎదురుచూస్తున్న పిల్లలు ఎవరంటే ఎక్కువమంది కాస్త పెద్దవాళ్ళు, విడదీయకూడని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వైద్యం అవసరమైనవాళ్ళు. గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి, వినికిడి లోపం, సెరిబ్రల్ పాల్సీ, ఫైలులో ఇలాంటివి రాసి ఉంటాయి. ఏ ఇబ్బందీ లేని మూడు నెలల పాప కావాలని పట్టుబట్టేవాళ్ళకి ఈ దారిలో దాదాపుగా బిడ్డ లేదు. ఎవరైనా ఉందని, అదీ త్వరగా అని చెబితే, ఆ పాప ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే మొదటి అనుమానం కావాలి.

అన్నీ కుదిరి ప్రయాణం దాకా వచ్చినవాళ్ళ సంగతి. ఎన్నిసార్లు వెళ్ళాలి, ఎన్నాళ్ళు ఉండాలి అన్నది దేశాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. చైనా తెరిచి ఉన్న రోజుల్లో రెండు వారాల ప్రయాణం ఒక్కటి సరిపోయేది. ముందు బిడ్డ ఉన్న రాష్ట్ర రాజధానికి, అక్కణ్ణుంచి వీసా కోసం గ్వాంగ్‌జౌకి వెళ్ళేవారు. అక్కడి షామియాన్ దీవి మీద అమెరికన్ కాన్సులేట్ పక్కనున్న హోటల్ నిండా కొత్త అమ్మానాన్నలు, చంకల్లో పిల్లలే ఉండేవారు. రష్యాకి రెండు మూడు సార్లు వెళ్ళాల్సి వచ్చేది, జడ్జి ముందు నిలబడి జవాబులు చెప్పాలి. కజకిస్తాన్‌లో బిడ్డతో కనీసం రెండు వారాలు రోజూ గడిపితే తప్ప కోర్టుకి వెళ్ళనిచ్చేవారు కాదు, కొలంబియాలో నెలా నెలన్నర ఉండాల్సి రావచ్చు. దంపతులిద్దరికీ సెలవు దొరకడం, తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలుండటం, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే వాళ్ళని ఎవరు చూసుకుంటారన్నది, ఇవన్నీ టెన్షన్ పెట్టే విషయాలే. వీటిని ముందే తేల్చుకోకపోతే కోర్టు తేదీ ఒక వారం జరిగినప్పుడు ఆ కంగారంతా కొత్తగా వచ్చిన బిడ్డ మీద పడుతుంది. ఎక్కువరోజులు ఉండాల్సి రావడాన్ని శిక్షగా చూడకపోవడం మంచిది. బిడ్డకి తెలిసిన వాసనలు, శబ్దాలు, భాష మధ్యలో కొత్త మనుషులు పరిచయమవడం, ఒక్కసారిగా అన్నీ మారిపోవడం కంటే చాలా మెత్తని దారి.

బిడ్డను అప్పగించే రోజు గురించి జనం ఊహించుకునేది ఒకటి, జరిగేది మరొకటి. ఊహలో బిడ్డ నవ్వుతుంది. నిజంలో చాలామంది పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, కొందరు కొయ్యబారిపోతారు, కొందరు ఆ గంటలోనే నిద్రలోకి జారుకుంటారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ రోజు పొద్దున లేచేసరికి ఉన్న ఆయా సాయంత్రానికి లేదు, మంచం లేదు, పక్క ఉయ్యాలలో ఉండే స్నేహితుడు లేడు, చెవిన పడే మాట ఒక్కటీ అర్థం కాదు. ఎత్తుకున్న మనుషుల ఒంటి వాసన కూడా కొత్త. అసలు ప్రయాణం చేస్తున్నది ఆ బిడ్డ, పెద్దవాళ్ళకి తిరుగు టికెట్ ఉంది. ఆ సమయంలో అస్సలు ఏడవకుండా, ఎవరెత్తుకున్నా వెళ్ళిపోతూ, పెట్టింది తింటూ ఉన్న బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోయేవాళ్ళుంటారు. అనుభవం ఉన్న పిల్లల డాక్టర్లకి కంగారు పుట్టించేది ఆ నిశ్శబ్దమే, ఎందుకంటే ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న బిడ్డ ఏడవడం మానేస్తుంది. ఏడ్చే బిడ్డకి తను పోగొట్టుకున్న మనిషి ఒకరున్నారు, ఒకసారి ఒకరిని పట్టుకోగలిగిన బిడ్డ మళ్ళీ పట్టుకోగలదు.

ఆ రోజు కొత్త బట్టలు, కొత్త బొమ్మలు, స్నానం, ఫోటోలు అన్నీ కాసేపు పక్కన పెట్టవచ్చు. బిడ్డ ఒంటి మీద ఉన్న చొక్కా ఉతక్కుండా దాచాలి, ఆ దుప్పటి ఇస్తారేమో అడగాలి, అదే పాలపొడి, అదే సీసా కొన్నాళ్ళు వాడాలి. ఆయాని అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసుకుని, అక్కడి భాషలోకి మార్పించుకుని వెళ్ళాలి: ఏ పేరుతో పిలుస్తారు, ఎలా జోకొడితే పడుకుంటుంది, దీపం ఉండాలా, దేనికి భయం, ఎవరంటే ఇష్టం? ఆ ఆయా ఫోటో, ఆ గది, ఆ మంచం, గేటు మీదున్న బోర్డు, అన్నీ తీసుకోవాలి. ఒక పదిహేనేళ్ళ తర్వాత ఆ బిడ్డకి ఆ మసక ఫోటోల కంటే విలువైనది ఇంట్లో ఇంకేదీ ఉండదు. పేరు మార్చే విషయంలోనూ అంతే, బిడ్డతో పాటు వచ్చిన ఒకే ఒక్క సొంత వస్తువు బహుశా ఆ పేరే. కనీసం మధ్య పేరుగానైనా దాన్ని ఉండనివ్వడం న్యాయం.

ఇంటికొచ్చాక మొదటి వారాల్లో చుట్టాలంతా వచ్చి ఎత్తుకోవడం ఆపించాలి, మొహమాటపడక్కర్లేదు. తినిపించడం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఓదార్చడం, ఇవి కొన్నాళ్ళు అమ్మానాన్నలే చేస్తే, ఇంతమందిలో నా మనుషులు ఎవరన్నది బిడ్డకి అర్థమవుతుంది. వైద్య పరీక్షలు అక్కడివి ఉన్నా ఇక్కడ మళ్ళీ చేయించాలి: రక్తహీనత, క్షయ, హెపటైటిస్ బి, కడుపులో పురుగులు, టీకాల లెక్క, చూపు, వినికిడి. ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు ఎత్తులో వెనకబడటం బాగా తెలిసిన విషయమే, ఇంటి తిండి, ఇంటి ఒడి దొరికాక చాలామంది ఎంత వేగంగా అందుకుంటారో చూసి డాక్టర్లే ఆశ్చర్యపోతారు. తిండి దాచుకునే అలవాటు ఇంకొంతకాలం ఉండవచ్చు. దిండు కింద రొట్టె ముక్క కనిపిస్తే కోప్పడకుండా, బిడ్డ చేతికందే చోట ఎప్పుడూ తినేది ఏదో ఒకటి ఉంచడం తెలివైన పని.

పౌరసత్వం కాగితం పెట్టడం మాత్రం ఒక్క నెల కూడా వాయిదా వెయ్యకూడదు. దత్తత అయితే పౌరసత్వం దానంతటదే వచ్చేస్తుందని అనుకుని వదిలేసినవాళ్ళ పిల్లలు పెద్దయ్యాక పడ్డ అవస్థలు చిన్నవి కావు. అమెరికాలో 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం దత్తత పిల్లలకి పౌరసత్వాన్ని సులువు చేసింది కానీ, ఆ తేదీకి 18 ఏళ్ళు నిండినవాళ్ళని వదిలేసింది. మూడేళ్ళ వయసులో కొరియా నుంచి వచ్చిన ఒకతన్ని, భార్యాపిల్లలు ఉండగా, 2016లో భాష కూడా రాని ఆ దేశానికే తిప్పి పంపించారు. అతను చిన్నప్పుడు ఎవరో ఒకరు ఒక ఫారం నింపి ఉంటే అది జరిగేది కాదు.

పెద్దయ్యాక ఈ పిల్లల్లో చాలామంది ఇంకో ప్రయాణం చేస్తారు, ఈసారి సొంతంగా టికెట్ కొనుక్కుని. పెంచినవాళ్ళ మీద ప్రేమ లేక కాదు, తన ముఖం ఎవరి ముఖంలా ఉంటుందో చూసుకోవాలని. కన్నవాళ్ళు ఎవరు, వైద్య చరిత్ర ఏమిటి అన్న సమాచారాన్ని భద్రంగా ఉంచే బాధ్యతను హేగ్ ఒప్పందం ప్రభుత్వాల మీదే పెట్టింది. కొరియా 2020 నుంచి విదేశాల్లోని తన రాయబార కార్యాలయాల్లోనే దత్తత వెళ్ళినవాళ్ళ డీఎన్‌ఏ నమూనాలు తీసుకుని, తప్పిపోయిన బిడ్డల కోసం వెతుకుతున్న కుటుంబాల నమూనాలతో సరిచూస్తోంది. ఆ కార్యాలయాలకి నలభై, యాభై ఏళ్ళ వయసువాళ్ళు పాత ఫైలు పట్టుకుని వస్తారు. ఆ ఫైలులో బిడ్డ ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు అన్న చోట ఒకప్పుడు ఎవరో నిజం రాసి ఉంటే వాళ్ళకి వెతకడానికి ఒక ఊరు, ఒక పేరు ఉంటాయి. అనాథ అని ఒక్క ముక్క రాసి ముద్ర కొట్టేసి ఉంటే, లాలాజలం నమూనా ఇచ్చి ఇంటికెళ్ళి ఫోను కోసం ఎదురుచూస్తారు.